రాజవధువుకు ప్రభుత్వం తరఫున పెళ్లి కానుక: ఫైలు తెరిచిన రోజు నుంచి అప్పగింత దాకా

ఒక రాకుమారి పెళ్లి ఖాయమైంది. లేదా ఒక యువరాజు మామూలు ఇంటి అమ్మాయిని చేసుకోబోతున్నాడు. ప్రకటన వెలువడిన మర్నాడే మిత్రదేశాల విదేశాంగ శాఖల్లో, ప్రోటోకాల్ విభాగాల్లో ఒక కొత్త ఫైలు పుడుతుంది. "మన తరఫున ఏమిద్దాం?" అని దాని మీద ఎవరో పెన్సిలుతో రాసి కిందికి తోస్తారు. ఆ ఫైలు మీ బల్ల మీదికే వచ్చిందనుకుని ఇది చదవండి.

ఈ పనిలో దిగినవాళ్లలో చాలామంది వస్తువు దగ్గర మొదలుపెడతారు. వెండి పళ్లెమా, పట్టువస్త్రమా, చిత్రపటమా అని మీటింగులు పెడతారు. నన్నడిగితే వస్తువు మాట చిట్టచివర ఎత్తాలి. పెళ్లిరోజున వధువు మీ కానుకను చూడనే చూడదు. అది ఏదో ఒక గదిలో నంబరు వేయించుకుని, వందలాది కానుకల మధ్య జాబితాకు ఎక్కుతూ ఉంటుంది. మరి ఇరవయ్యేళ్ల తర్వాత అదెక్కడ ఉండాలి? ఎవరి ఆస్తిగా ఉండాలి? దాన్ని చూసినవాళ్లు మీ దేశం గురించి ఏమనుకోవాలి? ఈ మూడూ ముందు తేల్చుకుంటే సగం వస్తువులు వాటంతటవే జాబితాలోంచి రాలిపోతాయి.

ఈ విద్య నేర్చుకోవడానికి 1947 నవంబరు 20న జరిగిన ఎలిజబెత్ రాకుమారి (తర్వాత బ్రిటన్ రాణి) పెళ్లిని మించిన పాఠం లేదు. 2,500కు పైగా కానుకలు వచ్చాయి. ప్రభుత్వాలు, సంస్థానాధీశులు, మామూలు జనం, అందరూ పంపారు. వాటిలో కొన్నింటికి ఆ తర్వాత ఏ గతి పట్టిందో ముందు ముందు చూద్దాం.

మొదటి మెట్టు: ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు

ఇది రాతపూర్వకంగా తేలేదాకా ఫైలు కదపకండి. "ప్రభుత్వం తరఫున" అన్న మాటలో నలుగురు ఇమిడి ఉంటారు: దేశాధినేత, ప్రధానమంత్రి, మంత్రివర్గం, దేశ ప్రజలు. ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా, ఒక్కో సంతకం, ఒక్కో లేఖ. రాష్ట్రపతి భవనం ఒకటి, ప్రధాని కార్యాలయం ఒకటి, రాయబారి సొంతంగా మరొకటి పంపితే ప్యాలెస్ రిజిస్టరులో మీ దేశం పేరు మూడుసార్లు పడుతుంది. అది ఉదారత అనిపించుకోదు, మీలో మీకే పొత్తు లేదని చాటుతుంది.

1947లోనే చూడండి. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లండన్‌లోని కార్టియే నగల దుకాణంలో వధువునే తనకు నచ్చినవి ఎంచుకోమన్నాడు. ఆమె ఒక వజ్రాల హారం, ఒక టియారా (కిరీటంలాంటి తలనగ) తీసుకుంది. అది ఒక పాలకుడి సొంత కానుక. బర్మా నుంచి వచ్చిన 96 కెంపులు ఆ దేశ ప్రజల కానుక. గాంధీ పంపింది ఒక వ్యక్తి కానుక: తాను వడికిన నూలుతో అల్లించిన లేసు గుడ్డ, మధ్యలో "జైహింద్" అన్న అక్షరాలు. ఆ గుడ్డ కథ తెలిసినవాళ్లకు అది అపురూపం. వధువు నాయనమ్మ మేరీ రాణి మాత్రం దాన్ని కొల్లాయిగుడ్డ అనుకుని నొచ్చుకుంది. ఎవరు ఇస్తున్నారో, అదేమిటో రెండు ముక్కల్లో చెప్పే చీటీ కానుకను అంటిపెట్టుకుని ఉండాలని నేను పట్టుబట్టేది ఇలాంటివి తెలిసే.

పుచ్చుకునేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. కానుక వధువుకా, దంపతులకా? ఆమె మీ దేశపు బిడ్డ అయితే, అంటే మీ ఆడపడుచు పరాయి రాజకుటుంబంలోకి కోడలిగా వెళ్తుంటే, ఆమె పేరును ముందుకు తేవడంలో తప్పు లేదు. 2004 మే 14న డెన్మార్క్ యువరాజు ఫ్రెడరిక్‌ను పెళ్లాడిన మేరీ డొనాల్డ్‌సన్ టాస్మేనియాలోని హోబర్ట్‌లో పుట్టిన అమ్మాయి. అలాంటి పెళ్లిలో పుట్టింటి దేశం ఏమిచ్చిందన్నది రెండు దేశాల్లోనూ వార్తే అవుతుంది. ఆమె ఎవరో మీ దేశానికి పెద్దగా తెలియకపోతే మాత్రం దంపతులిద్దరి పేరిట ఇవ్వండి.

ఆడపడుచే అయినా కుటుంబం జోలికి పోకండి. 2002 ఫిబ్రవరి 2న నెదర్లాండ్స్ యువరాజు విలెమ్ అలెగ్జాండర్‌ను చేసుకున్న మాక్సిమా అర్జెంటీనా వనిత. ఆమె తండ్రి అర్జెంటీనా సైనిక పాలనలో మంత్రిగా పనిచేసినందువల్ల ఆ పెళ్లికే రాలేదు. అలాంటి చోట "ఫలానావారి కుమార్తెకు" అని లేఖలో రాశారా, కానుక కన్నా ఆ ముక్కే పత్రికలకెక్కుతుంది.

రెండో మెట్టు: ప్యాలెస్‌ను అడగండి, అడగాల్సిన చోట

వధువును నేరుగా అడగకూడదు. ఆమె స్నేహితురాళ్ల ద్వారా కూపీ లాగడం అంతకన్నా తప్పు. మీ రాయబార కార్యాలయం రాజకుటుంబపు కార్యదర్శి కార్యాలయాన్ని సంప్రదిస్తుంది. దారి అదొక్కటే. అడగాల్సినవి నాలుగు. వస్తువులు తీసుకుంటున్నారా, విరాళాలు కోరుతున్నారా? ఫలానా రకాలు వద్దన్న నియమం ఉందా? కానుకలను ప్రదర్శనకు పెడతారా, జాబితా బయటపెడతారా? ఎవరికి, ఏ తేదీలోగా అందజేయాలి?

పిలుపు రాలేదు కాబట్టి కానుక అక్కర్లేదని ఎవరైనా నోట్ రాస్తే ఆ నోట్‌ను గౌరవంగా పక్కన పెట్టండి. పిలుపు వేరు, కానుక వేరు. 2011 ఏప్రిల్ 29న జరిగిన విలియమ్, కేథరీన్‌ల పెళ్లిని బ్రిటన్ రాజ్యోత్సవంగా, అంటే పూర్తి అధికారిక వేడుకగా, పరిగణించలేదు. అమెరికా అధ్యక్షుడు ఒబామాకు కూడా ఆహ్వానం వెళ్లలేదు. ఆ పెళ్లికి దంపతులు విరాళాల నిధి పెట్టి, కానుకలకు బదులు అందులో వేయమన్నారు. 2018 మే 19న పెళ్లాడిన హ్యారీ, మేఘన్ ఏడు సేవాసంస్థల పేర్లిచ్చి అదే కోరారు. అలా కోరిక బయటపెట్టాక కూడా మంత్రిగారికి ముచ్చటగా ఉందని వెండి సామాను పంపితే, వాళ్ల మాట మీ చెవిన పడలేదని అర్థం.

పుచ్చుకునే దేశపు చట్టమూ చూడాలి. జపాన్‌లో ఇది ఏకంగా రాజ్యాంగం దాకా వెళ్తుంది. అక్కడి రాజ్యాంగం 8వ అధికరణ ప్రకారం పార్లమెంటు అనుమతి లేకుండా చక్రవర్తి కుటుంబానికి ఆస్తి ఇవ్వడానికీ లేదు, ఆ కుటుంబం పుచ్చుకోవడానికీ ఇవ్వడానికీ లేదు. పైగా అక్కడి రాకుమారి సామాన్యుణ్ని చేసుకుంటే పెళ్లితోనే రాజవంశ సభ్యత్వం పోతుంది. అలా వెళ్లే వధువుకు ప్రభుత్వం చట్టప్రకారం ఒక మొత్తం చెల్లిస్తుంది. 2021 అక్టోబరులో పెళ్లాడిన మాకో రాకుమారి దాదాపు 15 కోట్ల యెన్‌ల వరకు రాగల ఆ సొమ్మును వద్దనుకుంది. ఇలాంటి పెళ్లిలో "రాజవధువు" అన్న హోదా మీ కానుక చేరే సమయానికి ఉంటుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

బ్రిటన్ నియమాల్లో మనకు ముఖ్యమైన ముక్క ఒకటుంది. అధికారిక కానుక పుచ్చుకున్న రాజకుటుంబ సభ్యుల సొంత ఆస్తి కాదు. హోదాను బట్టి వచ్చింది కాబట్టి హోదా వెంటే ఉంటుంది. వాడుకోవచ్చు, ధరించవచ్చు, అంతవరకే. పాడైపోయే సరుకు అయితే, విలువ 150 పౌండ్ల లోపు ఉంటే, సేవాసంస్థకో సిబ్బందికో ఇచ్చేయవచ్చు. మీరిచ్చే తేనె సీసా ఎవరి వంటింట్లో తేలుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

మూడో మెట్టు: పాత ఫైళ్లు, ఖర్చు

ఈ మెట్టు త్వరగా దాటేయొచ్చు. మీ ప్రభుత్వం గతంలో ఏ రాజకుటుంబానికి ఏమిచ్చిందో తీయించండి. నిరుడు ఒకరికి ఇచ్చినదానికన్నా ఈసారి బాగా తక్కువైతే పుచ్చుకునేవాళ్లు పోల్చుకుంటారు. బాగా ఎక్కువైతే నిరుటివాళ్లు పోల్చుకుంటారు.

ఖర్చుకు పైపరిమితిని వస్తువు ఎంచుకోకముందే మంజూరు చేయించండి. అందులో పెట్టె, చెక్కింపు, బీమా, రవాణా అన్నీ ఉండాలి. చిన్న మొత్తమని సిగ్గుపడక్కర్లేదు. 2018లో న్యూజిలాండ్ ప్రభుత్వం హ్యారీ, మేఘన్‌ల పేరిట ఇచ్చింది 5,000 న్యూజిలాండ్ డాలర్లే. అది జైల్లో ఉన్నవాళ్ల పిల్లలకు అండగా నిలిచే పిల్లర్స్ అనే సంస్థకు వెళ్లింది. అదే పెళ్లికి కెనడా 50,000 కెనడా డాలర్లు పిల్లల ఆటల కోసం పనిచేసే జంప్‌స్టార్ట్ సంస్థకు ఇచ్చింది. దాదాపు పదిరెట్లు తక్కువ ఇచ్చిందని న్యూజిలాండ్ మర్యాదకేమీ లోటు రాలేదు.

మీ దేశంలో కరువో వరదో నడుస్తుంటే పరిమితిని ఇంకా తగ్గించండి. పుచ్చుకునే దేశం ఇబ్బందుల్లో ఉంటే అదీ లెక్కలోకి రావాలి. 1947లో బ్రిటన్‌లో ఇంకా రేషన్ నడుస్తోంది. పెళ్లి గౌను కోసమని జనం తమ బట్టల కూపన్లు రాకుమారికి పంపారు. ఒకరి కూపన్ మరొకరు వాడటం చట్టవిరుద్ధం కాబట్టి వాటిని తిరిగి పంపేయాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన 500 పెట్టెల డబ్బా అనాసపళ్లు నవ్వులాటగా కనిపించవచ్చు. నా లెక్కలో మాత్రం ఆ పెళ్లికి వచ్చిన తెలివైన కానుకల్లో అదొకటి. తమ నేలలో పండింది, అవతలి దేశానికి అప్పుడు కొరతగా ఉన్నది, పంచిపెట్టడానికి వీలైనది.

నాలుగో మెట్టు: రకం తేల్చడం

అసలు ఆలోచన పెట్టాల్సిన చోటు ఇదే. తొందరపడకండి.

నగలు. అందరి మనసూ మొదట వీటి మీదికే పోతుంది. ప్రభుత్వ కానుకగా నేను వీటిని చివరి వరుసలో పెడతాను. రాజవధువుకు నగల కరువు ఉండదు, అత్తింటి ఖజానా ఉండనే ఉంటుంది. ఇచ్చిన నగ ఇచ్చిన రూపంలో మిగులుతుందన్న భరోసా కూడా లేదు. నిజాం ఇచ్చిన టియారాను 1973లో విప్పించేశారు. దాని వజ్రాలనూ, బర్మా వాళ్లిచ్చిన 96 కెంపులనూ కలిపి గారార్డ్ దుకాణం వాళ్లు కొత్త టియారా కట్టారు. ఒకే పెళ్లికి రెండు దిక్కుల నుంచి వచ్చిన రెండు కానుకలు పాతికేళ్లు దాటాక ఒకే నగలో కలిసిపోయాయన్నమాట. అయితే దానికి బర్మా కెంపుల టియారా అన్న పేరే నిలిచింది. బర్మాలో కెంపు రోగాల నుంచి కాపాడుతుందని నమ్మకం, మనిషికి వచ్చే రోగాలు 96 అని లెక్క, అందుకే ఆ సంఖ్య. రాయి వెనక ఒక మాట ఉంది కాబట్టి రూపం మారినా ఊరు పేరు మిగిలింది. నిజాం ఇచ్చిన హారం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. 2014లో కేథరీన్ ధరించినప్పుడు మళ్లీ అందరూ నిజాం పేరు తలుచుకున్నారు.

నగే ఇవ్వాలని పైనుంచి పట్టుపడితే 1893 నాటి దారి పట్టండి. ఆ ఏడాది జూలై 6న జరిగిన మేరీ ఆఫ్ టెక్ పెళ్లికి బ్రిటన్, ఐర్లండ్ అమ్మాయిల పేరిట ఒక సంఘం చందాలు వసూలు చేసి టియారా కొనిచ్చింది, దానికి ఆ అమ్మాయిల పేరే నిలిచింది. పెళ్లికి కొద్దిరోజుల ముందే, జూన్ 22న, విక్టోరియా అనే యుద్ధనౌక మునిగి వందలమంది నావికులు చనిపోయారు. చందాల్లో మిగిలిన సొమ్మును వాళ్ల కుటుంబాలకు ఇవ్వమని వధువు కోరింది. ఆ వధువే తర్వాత కొల్లాయిగుడ్డ అని నొచ్చుకున్న మేరీ రాణి. ఆ టియారానే ఆమె 1947లో మనవరాలికి పెళ్లి కానుకగా ఇచ్చింది. కొన్నవాళ్లు ఎవరో నగ పేరులోనే ఉండటం, మిగిలిన డబ్బుకు గౌరవమైన దారి దొరకడం, ఈ రెండూ ఆ కానుకకు పెట్టని అలంకారాలు.

చేతిపని, గాజు, పింగాణీ, వస్త్రం. నా మొదటి ఓటు వీటికే. మీ దేశంలో ఇప్పుడు బతికి పనిచేస్తున్న కళాకారుల చేత చేయించేది అయితే కానుక డబ్బు మీ దగ్గరే ఒక పనివాడి ఇంటికి చేరుతుంది. పుచ్చుకునేవాళ్లకు బల్ల మీద పెట్టుకోవడానికో, విందులో వాడుకోవడానికో ఒక వస్తువు దొరుకుతుంది. అమెరికా దీన్ని ఒక అలవాటుగా మార్చుకుంది. 1947లో ట్రూమన్ దంపతులూ, 1981 జూలై 29న జరిగిన చార్ల్స్, డయానాల పెళ్లికి రీగన్ దంపతులూ ఇచ్చినవాటిలో స్ట్యూబెన్ అనే అమెరికా కంపెనీ గాజు పాత్రలున్నాయి. ఒకే చేతిపనిని తరతరాలుగా ఇస్తూ పోతే అదే మీ దేశపు సంతకం అవుతుంది. ప్రతిసారీ కొత్తదనం కోసం తన్నుకులాడటం కన్నా ఇది మేలు.

పరిమాణం మాత్రం గుర్తుంచుకోండి. ఇద్దరు మనుషులు మోయగలిగే దాన్ని దాటితే అది గోదాములోనే కాపురం పెడుతుంది.

ఇల్లు, భూమి. ఇప్పుడెవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అయినా ఈ ఉదాహరణ తెలిసి ఉండాలి. 1947లో కెన్యా వలస ప్రభుత్వం సగానా లాడ్జ్ అనే విడిది ఇంటిని కానుకగా ఇచ్చింది. 1952 ఫిబ్రవరి 6న తండ్రి మరణవార్త ఎలిజబెత్‌కు అందింది ఆ ఇంట్లోనే. 1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇల్లు అక్కడి ప్రభుత్వానికి తిరిగి వెళ్లింది. ఎవరి నేలను ఎవరు, ఎవరి తరఫున ఇచ్చారన్న ప్రశ్నకు పదహారేళ్లలో జవాబు దొరికింది.

విరాళం. ప్యాలెస్ కోరితే ఇదే సరి. కోరకపోయినా మంచి మార్గమే. కాకపోతే సంస్థ ఎంపికలో వధూవరుల జీవితానికి ఒక ముడి కనిపించాలి. 2011లో కెనడా 50,000 డాలర్లను కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీకి ఇచ్చింది. అది సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే స్వచ్ఛంద దళం. వరుడు విలియమ్ అప్పట్లో వైమానిక దళంలో అలాంటి రక్షణ పనే చేసే హెలికాప్టర్ పైలట్. ఆస్ట్రేలియా 25,000 డాలర్లను మారుమూల ప్రాంతాలకు విమానాల్లో వెళ్లే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్‌కు ఇచ్చింది. రెండు కానుకల్లోనూ వివరించి చెప్పాల్సిన అవసరమే లేదు, ముడి కళ్లకు కనిపిస్తోంది.

ఇచ్చేది ఆ రాజకుటుంబపు సొంత దేశమే అయితే విరాళాన్ని నిధిగా నిలబెట్టవచ్చు. నెదర్లాండ్స్‌లో 2002 పెళ్లితోపాటే ఒరాంజే ఫోండ్స్ అనే సేవానిధి వచ్చింది, విలెమ్ అలెగ్జాండర్, మాక్సిమా దానికి పోషకులయ్యారు. నార్వేలో 2001 పెళ్లికీ, స్వీడన్‌లో 2010 జూన్ 19న విక్టోరియా యువరాణి పెళ్లికీ ఆ దంపతుల పేరిటే నిధులు మొదలయ్యాయి. గాజు పాత్ర పగలొచ్చు, నిధి ఏటా పనిచేస్తుంది.

చెట్లు, జంతువులు. వినడానికి ముచ్చటగా ఉంటాయి, అమలులో చుక్కలు చూపిస్తాయి. డెన్మార్క్‌లో మేరీకి 2005లో మొదటి బిడ్డ పుట్టినప్పుడు టాస్మేనియా నుంచి టాస్మేనియన్ డెవిల్ జంతువులు కోపెన్‌హాగెన్ జంతుప్రదర్శనశాలకు కానుకగా వెళ్లాయి. ఇక్కడ తెలివి ఎక్కడుందంటే, వాటిని ప్యాలెస్ గుమ్మంలో దించలేదు. పోషించడం తెలిసిన సంస్థకు అప్పగించారు. మొక్కలిచ్చినా ఇదే సూత్రం: ఉద్యానవనం ముందు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే లేఖ.

అయిదో మెట్టు: చట్టం, ఆచారం, రాజకీయం

ఎంచుకున్న రెండు మూడు వస్తువుల్ని ఈ మూడింటి మీదుగా నడిపించండి.

చట్టం పని సులువు, ఎందుకంటే రాసి ఉంది. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, అరుదైన కలప, కొన్ని రకాల పగడాలు 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ ఒప్పందం (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసేది) పరిధిలోకి వస్తాయి. పెట్టె మీద అలంకారంగా పొదిగిన చిన్న ముక్కయినా సరే, సరిహద్దులో ఆగిపోతుంది. ముడి వజ్రాలకు, అవి సాయుధ పోరాటాలకు డబ్బు సమకూర్చినవి కావని చూపే కింబర్లీ ధ్రువపత్రాల పద్ధతి 2003 నుంచి ఉంది. సానబట్టిన వజ్రాలు దాని కిందికి రావు. అయినా రాళ్లు ఎక్కడివో రాసిన పత్రం అడిగి ఫైలులో పెట్టుకోండి. పురాతన వస్తువులైతే అసలు వద్దనే నా సలహా. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే 1970 యునెస్కో ఒప్పందం తర్వాత "ఇది ఎలా వచ్చింది" అన్న ప్రశ్న ప్రతి పాత విగ్రహం వెంటా నడుస్తోంది.

ఆచారం పుస్తకాల్లో సగమే దొరుకుతుంది. చైనీయులకు గడియారం కానుకగా ఇవ్వకూడదు, ఆ మాట పలికితే చనిపోయేవాళ్లను సాగనంపినట్టు వినిపిస్తుంది. చైనా, జపాన్‌లలో నాలుగు అంకె చావును తలపిస్తుంది, కాబట్టి నాలుగు గిన్నెల సెట్టు వద్దు. ముస్లిం రాజకుటుంబానికి పంది తోలు పెట్టె, మద్యం పాత్రలు పనికిరావు. మిగతా సగం మీ రాయబార కార్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న స్థానిక ఉద్యోగికి తెలుసు. ఆమెకో ఆయనకో ఫోటో చూపించి మొహం చూడండి. నోటితో "బాగుందండీ" అన్నా మొహంలో తెలిసిపోతుంది.

రాజకీయమే అన్నిటికన్నా కష్టం, అది రేపు మారుతుంది కాబట్టి. 2018 పెళ్లికి సౌదీ రాజకుటుంబం నుంచి మేఘన్‌కు చెవి జూకాలు అధికారిక కానుకగా వచ్చాయి. ఆమె వాటిని అదే ఏడాది అక్టోబరులో ఫిజీ విందుకు పెట్టుకుంది. పత్రికా రచయిత జమాల్ ఖషోగ్జీ ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో హత్యకు గురై అప్పటికి మూడు వారాలు. ఆ సంగతి తర్వాత బయటికి వచ్చి పెద్ద దుమారమే రేగింది. ఇచ్చినవాళ్ల మీది మరక పుచ్చుకున్నవాళ్ల చెవులకు అంటుకుంటుంది. ఒంటి మీద ధరించే కానుకకు ఉన్న ముప్పు ఇదే. బల్ల మీది పాత్రను నిశ్శబ్దంగా బీరువాలోకి మార్చవచ్చు, ఫోటోలకెక్కిన నగను దాచలేరు.

మీ ఇంటి రాజకీయమూ ఉంది. ఒకే ప్రాంతపు చేతిపనిని ఎంచితే మిగతా ప్రాంతాలు అడుగుతాయి. ఎంపిక కారణాన్ని అరపేజీలో రాసి పెట్టుకోండి. చట్టసభలో ప్రశ్న వచ్చిన రోజున ఆ అరపేజీయే మిమ్మల్ని కాస్తుంది.

ఆరో మెట్టు: చేయించడం, చెక్కించడం

కళాకారుణ్ని ఎంచాక నమూనా చూడకుండా పని మొదలుపెట్టనివ్వకండి. గాజు, పింగాణీ అయితే ఒకేసారి రెండు చేయించండి. ఒకటి పగిలితే రెండోది ఉంటుంది, పగలకపోతే మీ దగ్గర గుర్తుగా మిగులుతుంది.

చెక్కే అక్షరాల దగ్గర మాత్రం ప్రాణం పెట్టాలి. మొదట అందరూ రాసేది ఇలా ఉంటుంది: వధువు పూర్తి పేరు, బిరుదు, వరుడి పేరు, పెళ్లి తేదీ, ఊరు, "ఫలానా ప్రభుత్వం సాదరంగా". దీంట్లో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది బిరుదు. 2011లో కేథరీన్ ఏ బిరుదుతో పిలిపించుకుంటుందో పెళ్లిరోజు ఉదయమే ప్రకటించారు. 1947లో ఫిలిప్‌కు ఎడిన్‌బరో డ్యూక్ హోదా అందిందీ పెళ్లినాటి పొద్దునే. ముందే చెక్కించినవాళ్ల దగ్గర ఉండేది పాత పేరే. రెండోది తేదీ. చార్ల్స్, కమిల్లాల పెళ్లి 2005 ఏప్రిల్ 8న అనుకున్నారు. పోప్ రెండో జాన్ పాల్ అంత్యక్రియలు ఆ రోజే రావడంతో మర్నాటికి వాయిదా వేశారు. అప్పటికే తయారైన జ్ఞాపిక కప్పుల మీద 8వ తేదీయే ఉండిపోయింది.

అందుకని వస్తువు మీద వధూవరుల మొదటి పేర్లు, సంవత్సరం, మీ దేశం పేరు, ఇంతే. తేదీ, బిరుదు, శుభాకాంక్షలు అన్నీ లేఖలోకి మార్చండి, లేఖను గంటలో తిరగరాయొచ్చు. పేర్ల అక్షరాలను ప్యాలెస్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మాక్సిమా పేరులోని మొదటి అచ్చు మీద గీత ఉంటుంది, నార్వే, డెన్మార్క్ పేర్లలో అడ్డగీత అక్షరాలుంటాయి. చెక్కేవాడికి ఫోనులో చెప్పకండి, కాగితం ఇచ్చి దాని మీద మీ సంతకం పెట్టండి. రాజకుటుంబపు మోనోగ్రామ్ (పేర్ల మొదటి అక్షరాల ముద్ర), కిరీటం గుర్తు వాడాలంటే అనుమతి కావాలి. అనుమతి ఆలస్యమైతే వదిలేయండి, గుర్తు లేకపోతే కొంప మునగదు.

ఏడో మెట్టు: పంపడం, అప్పగించడం

దౌత్య సంచీలో పడేద్దామని ఎవరో ఒకరు అంటారు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఆ సంచీ దౌత్య పత్రాలకూ, అధికారిక వాడకపు వస్తువులకూ మాత్రమే. ప్యాలెస్‌కు వెళ్లే కానుకను అందులో దూర్చి అనవసర వివాదం తెచ్చుకోవడం కన్నా, రాయబార కార్యాలయం ద్వారా అవతలి విదేశాంగ శాఖతో ముందే మాట్లాడి, కస్టమ్స్‌లో ప్రకటించి, సుంకం మినహాయింపు రాయించుకుని పంపడం శుభ్రమైన పద్ధతి.

పెట్టె మూసే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయించండి, ఎక్కడ చిన్న గీత ఉన్నా రాయించండి. దిగిన చోట మళ్లీ అదే పని. దారిలో దెబ్బ తగిలితే బీమా సంస్థతో మాట్లాడటానికి ఈ రెండు కాగితాలే ఆధారం. పెట్టెలో మూడు విషయాలున్న ఒక పత్రం పెట్టండి: ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎలా శుభ్రం చేయాలి. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. లక్క పూత పూసిన పెట్టెను అవతల ఎవరో స్పిరిట్‌తో తుడిస్తే ఆ తప్పు మీదే.

కానుకను పెళ్లి మండపానికి మోసుకెళ్లే ఆలోచన వద్దు. రాయబారి అపాయింట్‌మెంట్ తీసుకుని, వాళ్లిచ్చిన రోజున ప్యాలెస్ కార్యాలయంలో అందజేయాలి. వధూవరులు స్వయంగా పుచ్చుకుంటారా, అధికారి పుచ్చుకుంటారా అన్నది వాళ్ల ఇష్టం. అధికారి పుచ్చుకుంటే చిన్నబుచ్చుకోకండి, రసీదు మాత్రం తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: లేఖ, ప్రకటన, రిజిస్టరు

లేఖ ఒక పేజీ దాటకూడదు. రెండు దేశాల స్నేహం గురించి రెండు వాక్యాలు, కానుక ఏమిటో ఎందుకో మూడు వాక్యాలు, శుభాకాంక్ష ఒకటి. పత్రికా ప్రకటన ప్యాలెస్‌కు కానుక చేరాకే. వాళ్లకన్నా ముందు విలేకరులకు తెలియడం మర్యాద కాదు. ఖర్చు ఎంతో అడిగితే చెప్పేయండి. ఇలాంటి లెక్క దాచిన కొద్దీ పెరుగుతుంది.

మీ ఫైలులో మంజూరు ఉత్తర్వు, కొటేషన్లు, ఎంపిక కారణం, పేర్ల అక్షరాల కాగితం, ఫోటోలు, రసీదు, ధన్యవాద లేఖ ఉంటే ఆడిట్‌కు ఇంకేమీ అక్కర్లేదు.

ఇక ఎవరూ ముందుగా మాట్లాడటానికి ఇష్టపడనిది: పెళ్లి ఆగిపోతే? తర్వాత విడాకులైతే? మొదటిదానికి మందు కాలపట్టికలోనే ఉంది. చెక్కింపు చివరి వారాల్లో, అప్పగింత ఆ తర్వాత పెట్టుకుంటే ఆగిపోయిన పెళ్లి కానుక మీ దగ్గరే ఉంటుంది, మరో సందర్భానికి పనికొస్తుంది. అప్పటికే ఇచ్చేసి ఉంటే తిరిగి అడగకండి. పంపిస్తే మారుమాట లేకుండా తీసుకుని రిజిస్టరులో రాసుకోండి. విరాళం అయితే వెనక్కి రాదు, రానక్కర్లేదు కూడా. రెండోదానికి మందు మీ లేఖలో ఉంది. అధికారిక కానుక అని స్పష్టంగా రాసి ఉంటే అది హోదాకు చెందిన వస్తువుగా అక్కడే ఉండిపోతుంది. వధువు సొంతానికే చెందాలని మీ ప్రభుత్వం అనుకుంటే అది అధికారిక కానుక పద్దులో పడకూడదు. అలాంటి కోరిక ఉంటే పెట్టె కట్టకముందే ప్యాలెస్‌తో మాట్లాడి ఒప్పించి, ఒప్పుకోలును కాగితం మీద తెచ్చుకోండి.